నిలువు రాత

ఉలాన్‌బాతర్‌లో జనవరి. బయట మైనస్ ముప్పై ఒకటి.
మూడో అంతస్తులో నా రిపేరు గది తలుపు భుజంతో తోసుకుని
ఖోర్లో గారు వచ్చారు,
చంకలో ల్యాప్‌టాప్, గొర్రెతోలులో చుట్టి.

"అక్షరాలు పడిపోయాయి," అన్నారు.
పోయాయి అనలేదు.
పడిపోయాయి అన్నారు.

తెరిచి చూస్తే నిజమే.
మా పాత లిపి పైనుంచి కిందికి దిగుతుంది,
ఒక్కో మాటా తాడు పట్టుకుని బావిలోకి దిగినట్టు.
దానికి కిరీటం ఉంది, పళ్లున్నాయి,
పొట్ట, పిక్క, చివర్న తోక.
ఒళ్లున్న లిపి.
ఆ ఒళ్లంతా తెరమీద అడ్డంగా పడి ఉంది
మంచుకు చచ్చిన మందలా.
కొన్నిచోట్ల అదీ లేదు,
ఖాళీ డబ్బా, పక్కన ఇంకో ఖాళీ డబ్బా.

"మూడు వారాలుగా దీన్నెలా చదువుతున్నారు?"

ల్యాప్‌టాప్‌ని పక్కకి తిప్పి
కాగితం పుస్తకంలా తెరిచి నిలబెట్టి
పిండి బస్తాకి ఆనించారట.
అక్షరాలు లేచాయి, సరే,
వరుసలు తిరగబడ్డాయి.
మొదటిది కుడి చివరికి పోయి కూర్చుంది.
"గాలి ఆగిపోయాక దుమ్ము లేచిందయ్యా ఆ పుస్తకంలో!"
గోబీ వాతావరణ కేంద్రంలో ముప్పయ్యేళ్లు
గాలిని కొలిచిన మనిషి.
అలాంటి వాక్యం ఆవిడకి నిద్ర పట్టనివ్వదు.

నాకు తెలిసినవన్నీ చేశాను.
సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను;
వెర్షను కొత్తది, పడక పాతదే.
ఫాంట్లు మార్చాను. ఒకదానిలో పళ్లూడాయి,
ఒకదానిలో తోక తెగి మాట నడిమధ్య వేలాడింది.
క్యాష్ తుడిచాను. గ్రాఫిక్స్ కార్డుని తిట్టాను.
చివరికి పుస్తకం పొట్ట విప్పి కోడ్ చదివితే
"నిలువుగా, ఎడమ నుంచి కుడికి" అని
బుద్ధిగా రాసే ఉంది ఒక పంక్తి.
చెప్పేవాడు చెబుతూనే ఉన్నాడు,
వినేవాడే లేడు.

ఉప్పు టీ మీద వెన్న గడ్డకట్టింది.

అప్పుడు కనిపించింది, సెట్టింగుల్లో అట్టడుగున
గోరంత గడిలో ఒక టిక్కు:
పుస్తకం శైలి వద్దు, నాది వాడు.

"ఇదెవరు పెట్టారు?"
"నేనే. అక్షరం ఆనక,
కొంచెం పెద్దది చెయ్యమని..."
కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
చూపుకి ఇంత సాయం అడిగితే
అది నిలువుదోపిడీ చేసి పెట్టింది.

టిక్కు తీశాను.
పేజీ ఒక్క క్షణం తెల్లబోయింది.
ఆ తర్వాత మాటలు లేచాయి
ఒంటెలు లేచినట్టు, ముందు వెనక కాళ్లమీద, తడబడుతూ,
ఆనక నిటారుగా.
అక్షరం జోలికి పోకుండా పేజీనే పెద్దది చేశాను,
నూట ఎనభై శాతం.

ఆవిడ మురిసిపోలేదు.
తిన్నగా నూటపన్నెండో పేజీకి పోయారు.
మెడ ఇంకా పక్కకే వంచి చదువుతున్నారు,
అలవాటైపోయి. నేను చెప్పలేదు.
వేలు వరుస వెంట దిగింది:
వసంతకాలపు తుఫాను, తెల్లవారుజాము మూడూ నలభై,
గాలి కొలిచే గిన్నె ఊడి ఎగిరిపోకముందు
అందిన ఆఖరి అంకె, సెకనుకి ముప్పైనాలుగు మీటర్లు.
కింద, కొలిచినవారు అని రెండు పేర్లు.
వేలు అక్కడ ఆగింది.

"ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది నేనొక్కదాన్నే," అన్నారు.
కాసేపటికి,
"ఇది కూడా తెర చేసే తప్పేనేమో, చూడు బాబూ."

చూశాను. ఊరికే కాదు, నిజంగానే.
కోడ్ మొత్తంలో ఖోర్లో అని కొట్టి వెతికాను.
కర్సరు రెప్పలాడిస్తూ నిలబడింది.
సున్నా.

వద్దన్నా ఇరవై వేల తుగ్రిక్‌లు
బల్లమీద పెట్టి,
గొర్రెతోలు చుట్టుకుంటూ
"అంకె మాత్రం సరిగ్గా వేశాడు," అన్నారు.

మెట్లు దిగుతుంటే పైనుంచి చూశాను.
లిఫ్టు పాడై ఆరు నెలలు.
ఒక్కో మెట్టూ, రెయిలింగు పట్టుకుని,
పైనుంచి కిందికి.